క్రిమి వేసే ఏతం

"ఏం నాయనా, మాత్ర పాలతో వేసుకోవద్దన్నాడేమిటి ఆ డాక్టరు? పాలకంటె పథ్యం ఏముంటుంది లోకంలో?"

మా పొరుగింటి పిన్నిగారు ఒకనాటి సాయంకాలం ఈ ప్రశ్న వేసినప్పుడు నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉన్నది. ఆమెకు ఇచ్చినది టెట్రాసైక్లిన్ జాతికి చెందిన మందు. పాలలో కాల్షియం ఉన్నది. మన సున్నంలోనూ, ఎముకలలోనూ ఉండే లోహమే అది. ఈ మందు అణువు కాల్షియం కనబడగానే దానిని గట్టిగా పట్టుకొంటుంది. అట్లా పట్టుకొన్న మందు ప్రేగుల గోడ దాటి రక్తంలోకి పోలేదు. వృథాగా బయటికి పోతుంది. ఈ మాటే చెప్పాను. పిన్నిగారు తృప్తి పడి వెళ్ళిపోయారు. నాకు మాత్రం తృప్తి కలుగలేదు. నేను చెప్పినది సగం కథే గదా! మందులకూ కాల్షియానికీ గల సంబంధం కడుపుతో ముగియదు. అది క్రిమి శరీరం లోపలి దాకా పోతుంది. ఏ మందు పని చేస్తుందో, ఏది చేయదో తేల్చే ఆస్పత్రి ప్రయోగశాల గాజు పళ్ళెం దాకా పోతుంది. ఆ మిగిలిన సగాన్ని ఇక్కడ చెప్పదలచాను.

ఈ జాతి మందులలో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి వెల్లడి అయినది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, డెబ్బది యేండ్లు పైబడిన వయస్సులో, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి దానిని రాబట్టాడు. ఆ జీవీ పసిడి వన్నెదే, అది ఇచ్చిన మందూ పసిడి వన్నెదే. బంగారానికి లాటిన్ భాషలో ఉన్న పేరే మందు పేరులో చేరింది. ఆనాడు ఆ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపిస్తూ ఉన్నవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మందు వెలువడిన ఆ సంవత్సరమే, ఆగస్టు నెలలో, ఆయన కన్ను మూశారు.

కాల్షియంతో ఈ మందుకు గల మైత్రి ఎంత గాఢమైనదో వైద్యులకు త్వరలోనే తెలిసివచ్చింది. పసిపిల్లలకు దీనిని ఇస్తే, పెరుగుతున్న పండ్లలోని కాల్షియాన్ని అంటిపెట్టుకొని, ఆ పండ్లను శాశ్వతంగా పసుపు పచ్చగా మార్చివేస్తుంది. ఎముకలలో చేరిన మందు అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. 1980లో ఒక చిత్రమైన సంగతి బయటపడ్డది. ఆఫ్రికాలో నైలునది ఒడ్డున, నూబియా దేశంలో, సుమారు పదహారు వందల యేండ్ల క్రిందట చనిపోయినవారి ఎముకలు సూక్ష్మదర్శిని క్రింద అదే మెరుపు మెరిశాయి. మందుల కొట్టు ఎరుగని ఆ ప్రాచీనులు తిన్న ధాన్యంలోనో, త్రాగిన పానీయంలోనో ఈ సూక్ష్మజీవుల జాతి పెరిగి ఉంటుందని పండితుల ఊహ. పదహారు శతాబ్దాలైనా కాల్షియం ఆ మందును విడిచిపెట్టలేదు!

ఇక క్రిమి సంగతికి వద్దాం. టెట్రాసైక్లిన్ బాక్టీరియా కణంలోకి జొరబడి, ప్రోటీనులు తయారయ్యే రైబోసోముల మీద కూర్చుని, ఆ పని సాగకుండా ఆపుతుంది. కొన్నాళ్ళకు ఈ మందుకు లొంగని క్రిములు పుట్టుకువచ్చాయి. వాటిలో మందు చేరడం లేదని అందరూ గమనించారు. తలుపు మూసుకొన్నాయి కాబోలు ననుకొన్నారు. లోపలికి రాకపోవడం వేరు, వచ్చినదానిని ఎప్పటికప్పుడు బయటికి తోడిపోయడం వేరు. బయట నుండి చూసేవానికి రెండూ ఒకే రీతిగా కనబడతాయి. వీటిని విడదీసి చూపించడానికి ఒక ఉపాయం కావలసివచ్చింది. ఆ ఉపాయం మొట్టమొదట అక్కరకు వచ్చినది మందుల విషయంలో కాదు, కాల్షియం విషయంలోనే.

ప్రతి జీవకణమూ తనలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియాన్ని అత్యల్పంగా ఉంచుకొంటుంది. మన రక్తంలో ఉండే కాల్షియంతో పోల్చి చూస్తే, ఇ. కోలై అనే క్రిమి లోపల ఉండేది ఇంచుమించు పదివేలలో ఒక వంతు. కారణం ఊహించడం కష్టం కాదు. కణం నిండా ఫాస్ఫేటులు ఉంటాయి. కాల్షియం వాటిని కలిస్తే కరగని పదార్థమై అడుగున పేరుకొంటుంది. అట్లా పేరుకొన్నదే మన ఎముక. ఎముకగా మారిన కణం బ్రతకదు గదా! అందువల్ల జొరబడే కాల్షియాన్ని కణం ఎడతెగకుండా బయటికి నెట్టవలసిందే. దీనిని చూపడానికి 1974లో అమెరికాలో బారీ రోజెన్, మక్లీస్ అనే శాస్త్రజ్ఞులు ఇ. కోలై కణాలను తీవ్రమైన ఒత్తిడితో చిదిపారు. చితికిన పొర ముక్కలు వాటంతట అవే ముడుచుకొని చిన్న చిన్న సంచులైనాయి. అయితే ఈ సంచులు తిరగవేసిన దిండు గలేబుల వంటివి. లోపలి ముఖం బయటికి, బయటి ముఖం లోపలికి వచ్చింది. కణంలో ఉన్నప్పుడు కాల్షియాన్ని బయటికి నెట్టిన యంత్రమే, సంచి తిరగబడినందున, ఇప్పుడు దానిని లోపలికి లాగింది. సంచిలో కాల్షియం ప్రోగుపడ్డది.

ఆరేండ్ల తరువాత, 1980లో, బోస్టను నగరంలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో లారా మక్మరీ, రిచర్డ్ పెట్రూచీ, స్టూవర్ట్ లెవీ ఇదే ఉపాయాన్ని టెట్రాసైక్లిన్ మీద ప్రయోగించారు. మందుకు లొంగని క్రిముల పొరతో చేసిన తిరగబడిన సంచులు మందును ఆబగా లోపలికి లాక్కొన్నాయి. లొంగే క్రిముల సంచులు లాక్కోలేదు. తలుపు మూయడం కాదు, తోడిపోయడమేనని తేలిపోయింది. మన పల్లెటూళ్ళలో బావి నీటిని ఏతం వేసి తోడినట్లు, క్రిమి తన పొరలో ఒక ప్రోటీను ఏతాన్ని నిలబెట్టుకొని, వచ్చిన మందును వచ్చినట్లే బయట పోస్తున్నది. ఏతానికి మనిషి బలం కావాలి. ఈ ఏతానికి బలం బయటి నుండి లోపలికి దొర్లివచ్చే ప్రోటానులది. ఒక ప్రోటాను లోపలికి వస్తే ఒక మందు అణువు బయటికి పోతుంది.

ఇంకొక విశేషం 1990 ప్రాంతంలో జపాను శాస్త్రజ్ఞుడు అకిహితో యమగూచి, ఆయన సహచరులు బయటపెట్టారు. ఈ ఏతం వట్టి మందును తోడదు. లోహపు అయానును పట్టుకొని ఉన్న మందునే తోడుతుంది. కణం లోపల ఆ లోహం సాధారణంగా కాల్షియానికి తోబుట్టువైన మెగ్నీషియం. రైబోసోమును పట్టుకొనడానికి మందుకు తోడ్పడేదీ ఆ మెగ్నీషియమే. ఏతం చేతికి దానిని పట్టి ఇచ్చేదీ ఆ మెగ్నీషియమే. అంతటితో ఆగలేదు. ఏతాన్ని కట్టే జన్యువు మీద మామూలుగా ఒక కావలివాడు కూర్చుని ఉంటాడు. లోహంతో జతపడిన మందు వచ్చి తాకితేనే అతడు లేచిపోతాడు. అప్పుడే ఏతం తయారవుతుంది. అనగా తనను తరిమివేసేవారిని నిద్ర లేపేది కూడా ఆ మందే!

టెట్రాసైక్లిన్ ఏతం ఒక్క జాతి మందునే తోడుతుంది. దాని తరువాత ఎన్నో జాతుల మందులను కలగలుపుగా తోడే ఏతాలు కనబడ్డాయి. కొన్ని ప్రోటానుల బలంతోనూ, కొన్ని ఎ.టి.పి. అనే శక్తి పదార్థంతోనూ నడుస్తాయి. ఆ ఎ.టి.పి.ని 1929లో హార్వర్డులో ఫిస్కెతో కలిసి కండరాల నుండి వేరుచేసి చూపినవారూ సుబ్బారావుగారే. ఇ. కోలైలోని ముఖ్యమైన ఏతం ఆకారాన్ని 2000 నుండి 2006 వరకు కొద్ది కొద్దిగా చూడగలిగారు. మూడు ఒకే తీరు ప్రోటీనులు చేరి, ఒకటి మందును అందుకొంటూ ఉండగా రెండవది దానిని బిగించి, మూడవది బయటి గొట్టంలోకి నెడుతుంది. తరువాత వంతులు మారుతాయి. ఒకే రోటిలో ముగ్గురు ఆడవాళ్ళు రోకళ్ళు తగలకుండా వడ్లు దంచడం చూసినవారికి దీనిని వేరే వివరించనక్కరలేదు.

ఇక అసలు చిక్కు. సూడోమోనాస్ ఎరుజినోసా అనే క్రిమి ఒకటున్నది. కాలిన పుండ్లలోనూ, బలహీనపడిన ఊపిరితిత్తులలోనూ చేరి, పచ్చని చీము పట్టించి, ప్రాణాల మీదికి తెస్తుంది. దీని మీద జెంటమైసిన్ అనే మందు పని చేస్తుంది. ఎంత మోతాదులో పని చేస్తుందో చూడడానికి ప్రయోగశాలలో క్రిమిని పోషక ద్రవంలో పెంచి, మందును వేర్వేరు పాళ్ళలో కలిపి చూస్తారు. ఈ ద్రవాలలో ప్రసిద్ధమైనది 1941లో హార్వర్డులో జాన్ మ్యూలర్, జేన్ హింటన్ తయారుచేసినది: గొడ్డు మాంసపు రసం, పాల ప్రోటీను, గంజిపిండి. (వారు దానిని వేరొక క్రిమి కోసం తయారుచేశారు. హింటన్ తరువాత పశువైద్యురాలైనది. తమ పులుసు ప్రపంచంలోని ఆస్పత్రులన్నిటా మందుల న్యాయస్థానం అవుతుందని వారు ఊహించి ఉండరు.) 1969లో లండనులో గారడ్, పమేలా వాటర్‌వర్త్ అనే పరిశోధకులు, పోషక పదార్థం మారితే ఒకే సూడోమోనాస్ మీద జెంటమైసిన్ బలం మారిపోతున్నదని వెల్లడించారు. క్రిమి అదే, మందు అదే. ఒక ద్రవంలో క్రిమి చస్తున్నది, ఇంకొక దానిలో బ్రతుకుతున్నది. తరువాతి రెండు మూడు సంవత్సరాల పరిశోధనలలో కారణం తేటపడ్డది: ద్రవంలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. అవి ఎక్కువైనకొద్దీ మందు బలం తగ్గుతున్నది.

ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. ఆస్పత్రి మంచం మీద రోగి ఉన్నాడు. ప్రయోగశాల ద్రవంలో కాల్షియం తక్కువైతే, పని చేయని మందు పని చేస్తుందని చీటీ వస్తుంది. ఆ మందే ఇస్తారు, జ్వరం దిగదు. కాల్షియం ఎక్కువైతే, పని చేసే మందును పనికిరాదని ప్రక్కన పెడతారు. రెండు తప్పులలోనూ నష్టపోయేవాడు ఆ ద్రవం ముఖం ఎన్నడూ చూడని మనిషి.

కాల్షియం ఏమి చేస్తున్నది? ఈ జాతి క్రిములకు రెండు పొరలు. బయటి పొరలో కొవ్వూ చక్కెరా కలిసిన అణువులు దగ్గర దగ్గరగా నిలబడి ఉంటాయి. వాటి ఫాస్ఫేటులన్నీ ఋణావేశం కలవి. కనుక ఒకదాని నొకటి నెట్టుకొనవలసినవి. రెండేసి ధనావేశాలు గల కాల్షియం, మెగ్నీషియం అయానులు వాటి మధ్య చేరి, ఇటుకల నడుమ సున్నం వలె, ఆ పొరను బిగించి ఉంచుతాయి. ఇది వట్టి ఉపమానం కాదని 1965లో లోరెట్టా లీవ్ చూపింది. ఆమె ఇ. కోలైని ఇ.డి.టి.ఎ. అనే రసాయనంలో కొంచెం సేపు ఉంచగా, అది పొరలోని లోహాలను లాగివేసింది; ఆ కొవ్వు చక్కెరల అణువులలో పెద్ద భాగం ఊడిపోయింది. మన కళాశాలల ప్రయోగశాలల్లో నీటి కాఠిన్యం కొలిచేటప్పుడు విద్యార్థులు బ్యూరెట్టులో పోసేది ఈ ఇ.డి.టి.ఎ.నే. ద్రాక్షసారా ఎరుపు నీలంగా మారిన క్షణంలో కాల్షియం, మెగ్నీషియం అంతా దాని పట్టులో పడిపోయినట్లు లెక్క. ఈసారి ఆ నీలం రంగు చూసినప్పుడు, ఆ సీసాలో ఒక క్రిమి ఉంటే దాని గోడ ఏమైపోయేదో విద్యార్థులకు చెప్పవచ్చు.

జెంటమైసిన్ అణువు కూడా ధనావేశం గలదే. అదీ గోడలోని ఆ చోట్ల కోసమే వస్తుంది. కాల్షియం నిండుగా ఉంటే దానికి చోటు దొరకదు; లోపలికి పోవడం మందగిస్తుంది. ఈ వివరణ ఎంత సొంపుగా ఉన్నదంటే, ముప్పది యేండ్లపాటు ఇంతకుమించి ఎవరూ అడిగినట్లు లేదు. గోడ బిగిసింది, మందు ఆగింది, కథ ముగిసింది.

ముగియలేదు. 2001లో కాలిఫోర్నియాలో వైమిన్ మావ్, ఓల్గా లోమోవ్‌స్కయా, వారి సహచరులు ఒక సూటి ప్రశ్న వేశారు. సూడోమోనాస్‌కు జెంటమైసిన్ జాతి మందులను తోడిపోసే ఏతం ఒకటున్నది. దానికి మెక్స్ ఎక్స్‌వై అని పేరు. ఆ ఏతాన్ని కట్టే జన్యువులను తీసివేసిన క్రిమి మీద కాల్షియం ప్రభావం ఎట్లా ఉంటుంది? గోడ అదే, కాల్షియం అదే. పాత వివరణ ప్రకారం ఏతం ఉన్నా లేకపోయినా కాల్షియం క్రిమిని కాపాడవలసిందే. అట్లా జరుగలేదు. ఏతం లేని క్రిమికి కాల్షియం గాని మెగ్నీషియం గాని మునుపటివలె అండ కాలేకపోయాయి. లోహాల రక్షణకు ఏతం ఉండి తీరవలెనని తేలింది.

ఎందుకిట్లా జరుగుతుందో గోదావరి మీద పడవ నడిపేవారిని అడిగితే చెబుతారు. పడవ అడుగున చిల్లి పడ్డది. చిల్లిలో నార కుక్కితే నీరు రావడం తగ్గుతుంది, కాని ఆగదు. ఊరుకొని కూర్చుంటే గంటలో మునిగే పడవ పూటకు మునుగుతుంది, అంతే తేడా. నార కుక్కకుండా చేద పుచ్చుకొని తోడితే, వచ్చే నీరు తోడే నీటిని మించిపోతుంది. నారా కుక్కి, చేదా వేస్తేనే పడవ తేలుతుంది. కాల్షియం నార; ఏతం చేద. గోడ బిగింపు ఒక్కటే ఉంటే మందు ఆలస్యంగానైనా లోపల నిండుతుంది. ఆ ఆలస్యాన్ని రక్షణగా మార్చేది ఏతం. బర్కిలీలోని హిరోషి నికాయిడో గోడకూ ఏతానికీ గల ఈ పొత్తును ఇతర మందుల విషయంలో అంతకు ముందే ఉద్ఘాటించారు. కాల్షియం వల్ల అది కంటికి కట్టినట్లు కనబడ్డది.

కాల్షియం ఏతం శక్తి మీద కూడా నేరుగా పని చేస్తుందా? 2011లో లిస్బను నగరపు పరిశోధకులు ఇ. కోలైకి మెరిసే రంగు పదార్థాన్ని పట్టించి, అది బయటికి పోయే వేగాన్ని కొలిచారు. క్షార గుణం గల ద్రవంలో, రంగు తోడడానికి కణపు శక్తి కావలసివచ్చినప్పుడు, కాల్షియం అవసరమైనదనీ, ఆమ్ల గుణం గల ద్రవంలో దాని పాత్ర కనబడలేదనీ వారు వ్రాశారు. ఆసక్తి కలిగించే ఫలితమే. కాని ఈ ఒక్క ప్రయోగం మీద మేడ కట్టడానికి నాకు మనస్కరించదు. గోడ బిగింపుకున్నంత బలమైన సాక్ష్యం దీనికి ఇంకా చేరవలసి ఉన్నదని నా అభిప్రాయం.

ఈ గందరగోళం నుండి బయటపడడానికి ప్రయోగశాలలు ఒక కట్టుబాటు చేసుకొన్నాయి. పరీక్షకు వాడే మ్యూలర్ హింటన్ ద్రవంలో లీటరుకు 20 నుండి 25 మిల్లీగ్రాముల కాల్షియం, 10 నుండి 12.5 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉండేటట్లు సరిచూసి వాడాలి. మంచి నియమం. అయితే మన రక్తంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం లీటరుకు 45 నుండి 50 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అనగా ద్రవంలో ఉన్నది దానిలో సగం. ఈ వ్యత్యాసం నాకు ఎప్పుడూ కొంత ఇబ్బందిగానే తోస్తుంది. కట్టుబాటు వల్ల దేశదేశాల చీటీలను పోల్చి చూడడం సాధ్యమైనది. చీటీ రోగి రక్తానికి అచ్చమైన ప్రతిబింబం అయినదని మాత్రం చెప్పలేము.

ఈ లోపం కొట్టవచ్చినట్లు బయటపడినది డాప్టోమైసిన్ అనే మందు వచ్చినప్పుడు. అమెరికాలో దానికి 2003లో అనుమతి లభించింది. అది బయటి పొర లేని వేరొక తెగ క్రిముల మీద పని చేస్తుంది. దాని తీరు అన్నిటికీ ఎదురు. కాల్షియం లేకపోతే అది నిర్జీవం. కాల్షియాన్ని తోడు తెచ్చుకొంటేనే క్రిమి పొరలోకి దిగి, దానిని చెడగొడుతుంది. మామూలు ద్రవంలో పరీక్షిస్తే మంచి మందు కూడా అసమర్థంగా కనబడుతుంది. కాబట్టి ఈ ఒక్క మందుకు ద్రవంలో లీటరుకు 50 మిల్లీగ్రాముల కాల్షియం కలపాలని ప్రత్యేక నియమం పెట్టారు. ఒక మందుకు శత్రువైన లోహం ఇంకొక మందుకు ప్రాణం.

వారం తరువాత పిన్నిగారు మళ్ళీ వచ్చారు. జ్వరం తగ్గింది, ముఖం తేటగా ఉన్నది. ఏతం సంగతీ, పడవ సంగతీ చెప్పాను. ఓపికగా అంతా విన్నారు.

"అదంతా బాగానే ఉన్నది గాని నాయనా, పాలు వద్దన్నారని మాత్రను మజ్జిగతో మింగుతున్నాను. తప్పు లేదు గదా?"

"మజ్జిగలోనూ అదే కాల్షియం ఉంటుంది పిన్నిగారూ! మంచినీళ్ళతో వేసుకోండి. మజ్జిగ రెండు గంటలు ఆగి త్రాగండి."